కారు లేకుండా లిగూరియా కొండల్లో నాన్నతో నడక: నా అనుభవం

ఇటలీలో చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో ఉండి, కారు లేక, ఊరి నించి అమ్మో నాన్నో వస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలీక తల పట్టుకునే మనవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ఇది. నేను జెనోవాలో పీహెచ్‌డీ చేస్తున్నా. మన లైసెన్స్ ఇక్కడ రెసిడెన్సీ వచ్చిన ఏడాది దాటాక పనికిరాదు, ఇటలీ లైసెన్స్ కింద మార్చి కూడా ఇవ్వరు, మళ్ళీ మొదట్నించీ థియరీ పరీక్ష రాయాలి, అది ఇంగ్లీషులో పెట్టరు. కాబట్టి నాకు కారు లేదు, ఇప్పట్లో వచ్చే సూచనలూ లేవు. అయితే ఒక అదృష్టం ఏంటంటే లిగూరియాలో, అంటే జెనోవా ఉన్న ఈ తీరప్రాంతంలో, కొండలు సముద్రం దాకా వచ్చేస్తాయి, ఒడ్డు పొడుగునా రైలు లైను ఉంటుంది, చాలా స్టేషన్లలో రైలు దిగి రోడ్డు దాటితే చాలు మెట్లు మొదలవుతాయి.

సెప్టెంబర్ మధ్యలో నాన్న రాజమండ్రి నించి వచ్చారు. అమ్మ, అక్క పురిటి కోసం హైదరాబాద్‌లో ఉండిపోయింది. నాన్నకి 66, షుగర్ ఉంది, కానీ రోజూ పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచే మనిషి. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు, ఆఖర్న బస్టాండ్‌లో కంట్రోలర్. వచ్చిన రెండో రోజే "ఏమ్మా, ఇంట్లో కూర్చోబెట్టడానికా పిలిచావు" అన్నారు. సరే అని లాబ్‌లో సెలవలు అడ్జస్ట్ చేసుకుని కొండలెక్కడం మొదలుపెట్టాం.

మొదట ఊళ్ళోనే, రీగి అనే కొండ. సెప్టెంబర్ 21, శనివారం. జెనోవా నడిబొడ్డున జెక్కా దగ్గర నించి కొండ మీదకి తాడుతో లాగే రైలు ఒకటుంది, పందొమ్మిదో శతాబ్దం చివర్న కట్టింది, మామూలు సిటీ బస్సు టికెట్టే సరిపోతుంది. పావుగంటలో ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది. పైనించి పాత కోట గోడల వెంట దారి, స్పెరోనె కోట దాటి, చిన్న చిన్న కోటలు దాటి చివరికి దియామంతె కోట, 667 మీటర్ల ఎత్తు. గూగుల్ గంటన్నర అంటుంది, మాకు రెండుంపావు గంటలు పట్టింది, దారి పొడుగునా అడవి పందులు నేలంతా తవ్విపారేసి ఉంచాయి, ఆ గుంటల్లో కాలు పడకుండా చూసుకుంటూ నడవాలి. నాన్నకి పందులంటే భయం లేదు గానీ పైన ఒక్క టీ కొట్టు కూడా లేకపోవడం నచ్చలేదు. రీగి స్టేషన్ దాటాక నీళ్ళు దొరుకుతాయని నమ్మకండి, మనిషికి లీటరున్నర పట్టుకెళ్ళండి.

ఆ రోజు దిగొచ్చాక నాన్న స్టేషన్‌లో అతికించిన టైం టేబుల్ ముందు నిలబడి జేబులోంచి చిన్న డైరీ తీశారు. స్టేషన్ల పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఎదురుగా ముందు ఆఖరి బండి టైము, దాని కింద దాని ముందు బండి టైము, ఆ తర్వాతే పొద్దున బళ్ళు. నేనెప్పుడూ పొద్దున ఏ ట్రైన్‌కి వెళ్ళాలో చూసుకునేదాన్ని, తిరుగు ప్రయాణం అప్పటికప్పుడు ఫోన్లో చూసుకోవచ్చులే అని. నాన్నది ఉల్టా. "వెళ్ళడానికి వంద దార్లుంటాయమ్మా, తిరిగొచ్చేదే చూసుకోవాలి" అని. ఇంకో మాట కూడా అన్నారు, నడక ఎప్పుడూ బస్సు దగ్గర మొదలుపెట్టి రైలు దగ్గర ముగించాలని, ఎందుకంటే బస్సు గంటకో రెండు గంటలకో ఒకటి, ఆదివారం ఇంకా తక్కువ, స్కూళ్ళకి సెలవలైతే కొన్ని ట్రిప్పులు అసలుండవు, రైలైతే ఒకటి పోయినా ఇంకోటి వస్తుంది. అప్పుడు ఇదేదో డిపో చాదస్తం అనుకున్నా.

సెప్టెంబర్ 28, మళ్ళీ శనివారం, కమోలి నించి పోర్తోఫీనో. జెనోవా బ్రిన్యోలె స్టేషన్ నించి కమోలికి రీజనల్ ట్రైన్, అరగంట పైచిలుకు. ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక మాట. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీదున్న మెషీన్‌లో పెట్టి స్టాంప్ కొట్టించాలి, ఫోన్ టికెట్ అయితే చెక్ ఇన్ నొక్కాలి, డబ్బులు కట్టినా అది చెయ్యకపోతే ఫైన్ వేస్తారు, టూరిస్ట్ అన్నా వినరు. నాన్నకి కావాలని కాగితం టికెట్ తీయించా, ఆ మెషీన్ చప్పుడు ఆయనకి తెగ నచ్చింది, నా టికెట్ కూడా లాక్కుని ఆయనే కొట్టారు.

కమోలి స్టేషన్ నించి శాన్ రోక్కో అనే పేట దాకా మెట్లే, ఎనిమిది తొమ్మిది వందలుంటాయి, ఇళ్ళ మధ్యనించి, ఆలివ్ తోటల మధ్యనించి. బస్సు కూడా ఉంది గానీ రోజుకి కొన్నే, మాకు టైం కుదర్లేదు. నాన్న అలిపిరి నడిచే మనిషి కాబట్టి అదే పద్ధతిలో, యాభై మెట్లకోసారి ఆగి, వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఎక్కి, గోవింద నామాలు కూడా సన్నగా అనుకున్నారు, ఎదురుగా దిగుతున్న ముసలమ్మ ఒకావిడ ఆగి బోన్‌జోర్నో చెప్పి పక్కకి జరిగింది. ముప్పావుగంటలో పైకి చేరాం. చర్చి ముందు గచ్చు మీద నిలబడితే జెనోవా దాకా ఒడ్డంతా కనిపిస్తుంది. ప్రతి ఆగస్టు 16న ఈ ఊళ్ళో విశ్వాసమున్న కుక్కలకి బహుమతులిస్తారని చెప్తే నాన్న నమ్మలేదు, ఫోన్లో చూపిస్తే "మన రాజుగాడికి ఇప్పించాల్సింది" అన్నారు. రాజుగాడు మా వీధి కుక్క.

శాన్ రోక్కో దాటాక దారి రెండుగా చీలుతుంది, ఇది జాగ్రత్తగా చదవండి. కుడివైపు సముద్రం పక్కనించి వెళ్ళేది, యుద్ధం నాటి సిమెంటు బంకర్లు ఉన్న బత్తెరియె మీదుగా, ఫొటోల్లో అదే బావుంటుంది, కానీ మధ్యలో రాతి మీద గొలుసులు పట్టుకుని దాటాల్సిన చోట్లు ఉన్నాయి, అనుభవం ఉన్నవాళ్ళకే అని బోర్డు కూడా పెట్టారు. పెద్దవాళ్ళతో వద్దు. రెండోది పైకెక్కి పియెత్రె స్త్రెత్తె మీదుగా, 450 మీటర్ల ఎత్తు దాకా ఎక్కి అవతలికి దిగుతుంది, శ్రమ ఎక్కువే గానీ భయం లేదు, పైగా చెట్ల నీడ. గుర్తులు చూసుకోవడం ఈజీ, చెట్ల మీదా రాళ్ళ మీదా ఎర్ర రంగుతో చుక్కలు, త్రికోణాలు, చతురస్రాలు వేసుంటాయి, ఒక్కో దారికి ఒక్కో గుర్తు, బోర్డు దగ్గర మీ గుర్తేంటో ఫొటో తీసుకుని అదే పట్టుకుని పోవడమే. ఫోన్ సిగ్నల్ అక్కడక్కడా పోతుంది, ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి.

పియెత్రె స్త్రెత్తె దగ్గర పెద్ద పెద్ద బండలున్నాయి, గులకరాళ్ళన్నీ కలిసిపోయి గట్టిపడిన రాయి, చేత్తో తడిమితే ఒక్కో గులకా విడివిడిగా తగుల్తుంది. అక్కడ కూర్చుని డబ్బా తీశాం, పులిహోర, వేపుడు అప్పడాలు. పక్కన జర్మన్ వాళ్ళెవరో వాసనకి తిరిగి చూశారు, నాన్న ఊరుకుంటారా, మూతలో పెట్టిచ్చారు. మిరపకాయ తీసి పక్కన పెట్టమని సైగలు చేస్తుంటే ఆ అబ్బాయి అదేదో తినమంటున్నారనుకుని నోట్లో వేసుకున్నాడు. సగం నీళ్ళు అక్కడే అయిపోయాయి.

అక్కడ్నించి శాన్ ఫ్రుత్తువోసోకి గంట దిగుడు, నిలువుగా. ఇది కొండ చీలికలో, సముద్రం అంచున ఉన్న పాత మఠం, నాలుగిళ్ళు, చిన్న బీచ్. ఇక్కడికి రోడ్డు లేదు, నడిచి రావాలి లేదా బోటు ఎక్కి రావాలి. దగ్గర్లోనే సముద్రం అడుగున, 17 మీటర్ల లోతులో, 1954లో దింపిన క్రీస్తు విగ్రహం ఉంది, డైవింగ్ చేసేవాళ్ళు చూస్తారు, మేం పైనించి నీళ్ళు చూసి ఊరుకున్నాం. మా ప్లాన్ ఏంటంటే ఇక్కడ్నించి బోటులో కమోలికి వెనక్కి. రెండున్నరకి రేవు దగ్గరికెళ్తే గేటుకి చిన్న కాగితం, అలలు ఎక్కువగా ఉన్నాయి, బోట్లు లేవు అని. ఆకాశం చూస్తే నీలంగా మెరిసిపోతోంది, గాలి కూడా పెద్దగా లేదు. అక్కడి కుర్రాడిని అడిగితే వాతావరణంతో సంబంధం లేదు, నిన్న రాత్రి ఎక్కడో దూరంగా గాలి వీస్తే ఇవాళ ఇక్కడ అల లేస్తుంది, రేవుకి బోటు ఆనించలేరు అన్నాడు. ముప్పావుగంట కూర్చున్నాం, ఏమైనా మారుతుందేమో అని, మారలేదు. ఆ రేవు దగ్గర ఒక యాభై మంది ఉండుంటారు, స్లిప్పర్లతో బోటులో వచ్చినవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, వాళ్ళ మొహాలు చూస్తే జాలేసింది. మేం కనీసం బూట్లతో ఉన్నాం. అందుకే రిటర్న్ బోటు టికెట్ పొద్దున్నే కొనకండి, ఏ నెలలో వెళ్ళినా, బోటు లేకపోతే నడిచి బయటపడగలం అనుకుంటేనే అక్కడికి దిగండి.

పోర్తోఫీనోకి గంటన్నర నడక, అందులో మొదటి అరగంట మళ్ళీ రెండొందల మీటర్ల ఎక్కుడు, మధ్యాహ్నం ఎండలో. నాన్న మాట్లాడ్డం మానేశారు, అదే నాకు భయం. షుగర్ మనుషులతో వెళ్ళేవాళ్ళు జేబులో చక్కెర పాకెట్లు పెట్టుకోండి, ఇక్కడ కాఫీ బార్లలో ఇచ్చే చిన్నవి నేను ఎప్పుడూ బాగ్‌లో పోగేస్తుంటా, అవే పనికొచ్చాయి. పైకెక్కాక చదునుగా ఉంటుంది, పొలాల మధ్య సిమెంటు దారి, నాన్న మళ్ళీ మనిషయ్యారు, ఎవరి పెరట్లోనో నిమ్మచెట్టు చూసి కాయలు లెక్కపెట్టారు.

పోర్తోఫీనోలో అయిదున్నర. అక్కడ రైల్వే స్టేషన్ లేదు. సాంతా మార్గెరీతా దాకా బస్సులో పోవాలి, మామూలుగా పావుగంట ప్రయాణం. లైన్ చూస్తే గుండె జారింది, బోట్లు లేకపోయేసరికి ఊళ్ళో ఉన్న టూరిస్టులంతా ఆ ఒక్క బస్‌స్టాప్‌కే వచ్చారు. మొదటి బస్సు నిండిపోయింది, రెండోదీ నిండిపోయింది. నాన్న లైన్లో నిలబడి తలలు లెక్కపెడుతూ "ఇదే మా దగ్గరైతే ఈపాటికి రెండు స్పెషల్స్ వేసేవాళ్ళం" అని తెలుగులోనే పెద్దగా చెప్తున్నారు, పక్కనున్న ఫ్రెంచ్ ఆవిడ తలూపుతోంది, ఏం అర్థమైందో. యాభై నిమిషాల తర్వాత మూడో బస్సులో నిలబడి వచ్చాం. టికెట్ ముందే టబాకో కొట్లో కొనుక్కోండి, బస్సులో కొంటే ఎక్కువ తీసుకుంటారు. ఒంట్లో ఓపికుంటే పారాజ్జి మీదుగా సాంతా దాకా నడక దారి ఉంది, గంట పైనే పడుతుంది, ఆ రోజు మాకు ఓపిక లేదు. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర.

తర్వాత మా లాబ్ ఫ్రెండ్స్ వెళ్తామంటే నాన్న లెక్కే చెప్పా: పొద్దున ఏడున్నరకల్లా సాంతా, అప్పుడు బస్సు ఖాళీ, పోర్తోఫీనో నించి నడక మొదలుపెట్టి శాన్ ఫ్రుత్తువోసో దిగి, మళ్ళీ ఎక్కి, శాన్ రోక్కో మీదుగా మెట్లు దిగితే సరాసరి కమోలి స్టేషన్. బోటు ఉన్నా లేకపోయినా ఒకటే. వాళ్ళు ఆరింటికల్లా ఇంట్లో ఉన్నారు.

తర్వాత వారం మేం ఎక్కడికీ వెళ్ళలేదు, వెళ్ళనివ్వలేదు అనాలి. అక్టోబర్ వచ్చిందంటే లిగూరియాలో వానల హెచ్చరికలు మొదలు. పసుపు, ఆరెంజ్, ఎరుపు అని మూడు రంగులు. ఎరుపు అయితే స్కూళ్ళు మూసేస్తారు. ఆరెంజ్ వచ్చినా చింక్వె తెర్రె, అంటే సముద్రం ఒడ్డున కొండల్లో వరసగా ఉన్న అయిదు ఊళ్ళు, ఆ నేషనల్ పార్క్‌లో దారులు మూసేస్తారు. మంగళవారానికి టికెట్లు ప్లాన్ చేసుకుంటే సోమవారం మధ్యాహ్నం ఫోన్‌కి మెసేజ్, ఆరెంజ్. నాన్నకి కోపం, "వానకి బస్సులాపితే మేం గోదావరి జిల్లాల్లో ఒక్క ట్రిప్పు తిప్పేవాళ్ళమా" అని. అప్పుడు 2011 ఫొటోలు చూపించా. ఆ ఏడాది అక్టోబర్ 25న ఆ అయిదింట్లో వెర్నాత్సా, మోంతెరోస్సో ఊళ్ళు బురదలో కూరుకుపోయాయి, మనుషులు చచ్చిపోయారు, పది రోజుల తర్వాత నవంబర్ 4న జెనోవాలోనే వరద, ఇక్కడ ఆరుగురు పోయారు, 2014 అక్టోబర్‌లో మళ్ళీ వచ్చింది. కొండ మీద పడిన నీళ్ళు సముద్రంలోకి పోవడానికి రెండు మూడు కిలోమీటర్లే, మధ్యలో ఊరు ఉంటుంది, ఆగే చోటుండదు. ఆ వెర్నాత్సా వీధి ఫొటో చూశాక నాన్న ఇంకేం అనలేదు, డైరీలో మంగళవారం కొట్టేశారు. హోటల్ బుక్ చేసుకునేవాళ్ళు క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోండి, ఈ హెచ్చరిక ఒక రోజు ముందే వస్తుంది, అంతకన్నా ముందు తెలీదు.

వాన తగ్గేసరికి శుక్రవారం, అక్టోబర్ 11. తగ్గింది కదా అని చూస్తే ఆ రోజు రైల్వే సమ్మె. ఇటలీలో ఉన్నవాళ్ళకి ఇది కొత్త కాదు, శుక్రవారాలే ఎక్కువ చేస్తారు కూడా. నేను మానేద్దాం అన్నా. నాన్నే అడిగారు, సమ్మె అయితే ఒక్క బండి కూడా నడవదా అని. నడుస్తాయి, పనిరోజుల్లో పొద్దున 6 నించి 9, సాయంత్రం 6 నించి 9 మధ్య ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ కోసం కొన్ని రీజనల్ రైళ్ళు తప్పనిసరిగా నడపాలి, ఆ లిస్టు ముందే ఇస్తారు. "మరింకేం, పొద్దున బండికి వెళ్ళి సాయంత్రం బండికి వద్దాం, మధ్యలో మనకి రైలుతో పనేముంది" అన్నారు. రిటైరైన ఆర్టీసీ మనిషి, జీవితంలో ఎన్ని సమ్మెలు చూసుంటారో, చేసుంటారో.

ఏడింటి బండి, ఎనిమిదిన్నర దాటాక లెవాంతో. ఇక్కడ్నించి సముద్రంలోకి పొడుచుకొచ్చిన పుంతా మెస్కో అనే కొండ కొమ్ము మీదుగా మోంతెరోస్సోకి దారి. దీనికి చింక్వె తెర్రె దారులకి కొనాల్సిన పార్క్ కార్డు అక్కర్లేదు, డబ్బులు కట్టే గేటు లేదు, స్టేషన్ నించి స్టేషన్. లెవాంతో బీచ్ చివర కోట పక్కనించి మెట్లు, కాసేపు ఇళ్ళు, తర్వాత పైన్ చెట్లు, ఎడమ పక్క కొండ, కుడి పక్క కింద సముద్రం. మామూలుగా ఈ దారిలో మనిషికి మనిషి తగుల్తారట. ఆ రోజు రైళ్ళు లేక అయిదు ఊళ్ళకీ అవతలి కొసనున్న లా స్పెత్సియా వైపు నించి ఎవరూ రాలేకపోయారు, రెండు గంటలు నడిస్తే మాకు ఎదురుపడింది ఒక ముసలి జంట, ఒక కుక్క. కొమ్ము కొసన పాడుబడ్డ మఠం ఉంది, అక్కడ నిలబడితే అయిదు ఊళ్ళూ ఒకదాని వెనకొకటి కనిపిస్తాయి. నాన్న చాలాసేపు కూర్చున్నారు, ఏంటి నాన్నా అంటే "మీ అమ్మకి వీడియో కాల్ చెయ్యి" అన్నారు. అక్కడ సిగ్నల్ ఉంది, ఫుల్లు. అమ్మ అంతా చూసి "టోపీ ఏది" అంది.

దిగుడు మాత్రం ఘోరం. మోంతెరోస్సో వైపు రాతి మెట్లు, ఎత్తెత్తువి, ముందు రోజుల వానకి ఇంకా తడిగా, ఆకులు పడి జారుతూ. ఎక్కుడు గుండెకి, దిగుడు మోకాలికి అని నాన్నే అన్నారు. రెండు కర్రలు కొనుంచా కాబట్టి సరిపోయింది. మొత్తం మూడున్నర గంటలు, బోర్డు మీద రెండున్నర అనో ఏదో ఉంది. ఒంటిగంటకల్లా మోంతెరోస్సోలో ఉన్నాం, ఇక ఆరింటి దాకా రైలు లేదు.

అయిదు గంటలు ఏం చెయ్యాలి? ఇక్కడే నాకు మళ్ళీ సమ్మె రోజు వెళ్ళాలనిపించింది. వేసవిలో ఈ ఊళ్ళో అడుగు తియ్యడానికి ఉండదు, ఆ మధ్యాహ్నం వీధిలో మా అడుగుల చప్పుడు మాకే వినిపించింది. ఒక బేకరీలో ఫరినాతా దొరికింది, శనగపిండి, నీళ్ళు, ఆలివ్ ఆయిల్, ఉప్పు, అంతే, పెద్ద రాగి పళ్ళెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు, మూడు యూరోలకి పెద్ద ముక్క. శాకాహారులకి ఇంతకంటే మంచిది లేదు, ఎందుకంటే పెస్తో పచ్చడి ఆకుపచ్చగా ఉందని ధైర్యంగా తింటాం గానీ అందులో వేసే చీజ్ దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో చేస్తారు, పట్టింపు ఉన్నవాళ్ళు చూసుకోండి. నాన్న మిరియాల పొడి అడిగి తెప్పించుకుని, ఇంకో ముక్క తిని, బీచ్ బెంచీ మీద టవల్ పరుచుకుని రెండు గంటలు నిద్రపోయారు. ఆరుంపావుకి బండి వచ్చింది, కిక్కిరిసి ఉంది, ఎక్కాం.

అక్టోబర్ 14 సోమవారం అసలు చింక్వె తెర్రె. ఇక్కడ లెక్కలున్నాయి, మేం వెళ్ళిన 2024 నాటివి. లెవాంతో నించి లా స్పెత్సియా దాకా అయిదు ఊళ్ళనీ కలుపుతూ తిరిగే రైలుకి సీజన్‌లో ఒక్క స్టేషన్ దూరమైనా రోజుని బట్టి 5 నించి 10 యూరోలు. రైలు, నడక దారులు, ఊళ్ళ మధ్య చిన్న బస్సులు, టాయిలెట్లు అన్నీ కలిపి రోజు కార్డు తక్కువ రోజుల్లో 20కి దగ్గర, రద్దీ రోజుల్లో 30 దాటుతుంది. మూడు సార్లు రైలెక్కేలా ఉంటే కార్డు గిట్టుబాటు, ఒక్క దారి నడిచి వెళ్ళిపోయేవాళ్ళకి నడక కార్డు వేరే ఉంది, అది చవక. టాయిలెట్ సంగతి నవ్వకండి, షుగర్ ఉన్న మనిషితో వెళ్తే ప్రతిసారీ యూరో నాణెం వెతుక్కోవడం ఎంత చిరాకో తెలుసు. ఇంకోటి, స్లిప్పర్లు, ఓపెన్ శాండల్స్ వేసుకుని ఈ దారులెక్కితే జరిమానా, 50 యూరోల నించి మొదలు. నాన్న బాటా శాండల్స్‌తో వచ్చారు ఊరి నించి, వాటికి సాటి లేదని ఆయన నమ్మకం, జరిమానా సంగతి చెప్తే గానీ 40 యూరోల బూట్లు కొననివ్వలేదు.

వెర్నాత్సాలో దిగి కొర్నీలియాకి నడిచాం. రైలు సగం సొరంగంలోనే ఆగుతుంది, చీకట్లో ప్లాట్‌ఫాం సన్నగా ఉంటుంది, ఇది స్టేషన్ కాదేమో అనుకుని దిగకుండా ఉండిపోకండి. దారి ప్రేవో దాకా ఎక్కుడు, 200 మీటర్లు, తర్వాత దిగుడు. మామూలుగా గంటన్నర, మాకు రెండుంపావు. సోమవారం అయినా జనం ఉన్నారు, ఇరుకు చోట్ల ఆగి దారివ్వడానికే పావుగంట పోయుంటుంది. కొర్నీలియా ఊరు కొండ మీద, స్టేషన్ కింద, మధ్యలో 382 మెట్లు. అందుకే ఈ వైపు నించి నడవండి, మెట్లు దిగేలా వస్తాయి, రైలు దిగి ఆ మెట్లెక్కి ఊళ్ళోకి వచ్చేవాళ్ళ మొహాలు చూశాం.

రైల్లో మనరోలా, అక్కడ్నించి కార్డు మీదే చిన్న బస్సెక్కి వోలాస్త్రా, పైనించి ద్రాక్ష తోటల మధ్యగా మనరోలాకి నడిచి దిగాం. మొత్తం తిరుగుడులో నాన్నకి బాగా నచ్చింది ఇదే. కొండంతా సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, గోడకీ గోడకీ మధ్య రెండు మూడు వరసల ద్రాక్ష. దాని మధ్యలో నిలువుగా ఒకే పట్టా, పళ్ళున్న ఇనుప పట్టా, దాని మీద ఒక చిన్న ఇంజిను, వెనక ట్రాలీ. ద్రాక్ష కోసినప్పుడు బుట్టలన్నీ దీని మీదే మోస్తారు. మేం వెళ్ళేసరికి కోతలైపోయాయి, ఒక పెద్దాయన ఆలివ్ చెట్ల కింద పరిచే వలలు చుట్టలు చుట్టి ట్రాలీలో వేసుకుని కిందనించి వస్తున్నాడు, ఆ ఇంజిను టపటపమంటూ మనిషి నడక కన్నా నెమ్మదిగా ఎక్కుతోంది. నాన్న గోడెక్కి మరీ చూశారు. బ్రేకు ఎక్కడుంది అని చేతుల్తో అడిగారు, ఆ పెద్దాయన ఇంజిను ఆపి, మూత తీసి చూపించాడు. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు, పది నిమిషాలు మాట్లాడుకున్నారు. పట్టా పళ్ళలో ఇరుక్కునే గేరు చక్రం, కొండ దిగేటప్పుడు దానంతటది జోరందుకోకుండా ఆపే ఏర్పాటు, అన్నీ నాన్న నాకు రైల్లో వివరించారు, నాకు సగం అర్థమైంది.

మనరోలా, రియోమజ్జోరె మధ్య ఆ ఫేమస్ ప్రేమ దారి ఉంది కదా, 2012లో రాళ్ళు పడి మూసేసి, 2024లో మళ్ళీ తెరిచారు. మేం వెళ్ళినప్పుడు రియోమజ్జోరె వైపు నించే ప్రవేశం, టైం స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చేది, కార్డుకి తోడు ఇంకో 10 యూరోలు. కిలోమీటరు కూడా లేదు. నాన్న తల అడ్డంగా ఊపారు, నాకూ పెద్ద ఆశ లేదు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు వెళ్ళండి.

డబ్బుల సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, మాకు రోజుకి ఇద్దరికీ కలిపి కమోలి రోజు రైళ్ళూ బస్సూ తిండీ అన్నీ 40 లోపు, రీగి రోజు పది కూడా కాలేదు, చింక్వె తెర్రె రోజు మాత్రం వంద దాటింది, అందులో సగం పైన కార్డులకీ జెనోవా నించి రానూపోనూ టికెట్లకే. పులిహోర కట్టుకెళ్ళకపోతే ఇంకో నలభై వేసుకోండి.

వచ్చే ఏప్రిల్‌లో అమ్మ వస్తోంది. అమ్మకి మోకాళ్ళు బాలేవు, ఈ మెట్లేవీ కుదరవు, తన కోసం నాన్న వెళ్ళేముందు మేమిద్దరం ఇంకో దారి చూసొచ్చాం. లెవాంతో నించి బొనస్సోలా మీదుగా ఫ్రమూరాకి, పాత రైలు లైను కొండ లోపలికి మార్చేశాక మిగిలిన సొరంగాల్లో వేసిన దారి, అయిదున్నర కిలోమీటర్లు, పూర్తిగా చదును, సైకిళ్ళకీ నడకకీ వేరే గీతలు. మూడు చోట్లా స్టేషన్లున్నాయి, ఎక్కడ అలిసిపోతే అక్కడ రైలెక్కేయొచ్చు, అయితే బొనస్సోలా, ఫ్రమూరాల్లో అన్ని బళ్ళూ ఆగవు, ఆగేవేంటో డైరీలో ఉన్నాయి, డైరీ నా దగ్గరే వదిలేసి వెళ్ళారు. లోపల లైట్లున్నాయి, టార్చ్ అక్కర్లేదు, కాకపోతే ఎండలోంచి లోపలికి వెళ్ళగానే చలేస్తుంది, శాలువా పెట్టుకోండి.